యూరప్ ఆకాశం ఇంకా ఎందుకు ఒక్కటి కాలేదు?

సంక్షిప్తంగా: యూరప్ దేశాల గగనతలాన్ని ఒకే వ్యవస్థగా నడపాలన్న ‘సింగిల్ యూరోపియన్ స్కై’ ప్రయత్నం మొదలై పాతికేళ్లు దాటింది. రద్దీని సర్దే పని, భద్రతా నియమాలు, సాంకేతిక ప్రమాణాలు చాలావరకు ఉమ్మడి అయ్యాయి. కంట్రోల్ కేంద్రాలు, సిబ్బంది, రుసుముల ఆదాయం, ప్రమాదం జరిగితే మోయాల్సిన బాధ్యత మాత్రం ఇంకా ఏ దేశానికి ఆ దేశం చేతుల్లోనే ఉన్నాయి. ఈ ఎడం తగ్గనంత కాలం ఆలస్యాలు ఒకచోట తగ్గి మరోచోట తేలుతూనే ఉంటాయి.

ఏటా వేసవి సెలవులు మొదలవగానే యూరప్ విమానాశ్రయాల్లో ఒకే ప్రకటన పదేపదే వినిపిస్తుంది: ‘ఏటీసీ (గగనతల రాకపోకల నియంత్రణ) ఆంక్షల వల్ల విమానం ఆలస్యంగా బయలుదేరుతుంది.’ హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కో లండన్‌కో చేరి, అక్కడ మరో విమానం ఎక్కే తెలుగు ప్రయాణికులకూ ఇది కొత్త కాదు. వాతావరణం బాగుంది, విమానం సిద్ధంగా ఉంది, రన్‌వే ఖాళీగానే ఉంది. అయినా గేటు దగ్గర నుంచి కదలదు. బార్సిలోనా నుంచి ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లాల్సిన విమానం, తాను ఎక్కడా దిగని ఫ్రాన్స్‌లో, నేల మీది నుంచి విమానాలకు దారి చెప్పే కంట్రోలర్లు సమ్మెకు దిగినందుకు రద్దు కావచ్చు. 2025 జులై మొదట్లో ఫ్రెంచ్ కంట్రోలర్ల సమ్మె జరిగినప్పుడు ఇబ్బంది పడినవారిలో ఫ్రాన్స్‌తో ఏ సంబంధమూ లేని ప్రయాణికులు చాలామంది ఉన్నారు. ఇది ఎందుకిలా ఉందో తెలియాలంటే ఆకాశాన్ని నడిపే పద్ధతి ఏమిటో, దానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి.

రాజ్యం హద్దు పైదాకా

ప్రతి దేశానికీ తన నేలపైనున్న గగనతలం మీద పూర్తి, ప్రత్యేక సార్వభౌమాధికారం ఉంటుందని 1944 నాటి షికాగో ఒప్పందం మొదటి అధికరణంలోనే చెప్పింది. రెండో ప్రపంచ యుద్ధం ముగింపు దశలో, ఆకాశం నుంచి వచ్చే ముప్పును కళ్లారా చూసిన దేశాలు రాసుకున్న మాట అది. దాని ఫలితంగా గగనతల పర్యవేక్షణ అన్నది రక్షణ శాఖకు పక్కనే ఉండే ప్రభుత్వ విధిగా స్థిరపడింది.

జెట్ విమానాలు వచ్చాక ఈ అమరికలో ఇబ్బంది బయటపడింది. గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం బెల్జియాన్ని దాటడానికి ఇరవై నిమిషాలు కూడా పట్టదు. ఈ అవసరాన్ని గుర్తించే 1960 డిసెంబరులో బెల్జియం, ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, లక్సెంబర్గ్, నెదర్లాండ్స్, బ్రిటన్ కలిసి యూరోకంట్రోల్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఎత్తైన గగనతలాన్ని ఉమ్మడిగా నడపాలన్నదే దాని అసలు ఉద్దేశం. కానీ ఒప్పందం అమల్లోకి వచ్చేనాటికే ఫ్రాన్స్, బ్రిటన్ తమ గగనతలాన్ని అప్పగించడానికి ఇష్టపడలేదు. జర్మనీలో యూరోకంట్రోల్ కేంద్రంగా ఆరంభమైన కార్ల్స్‌రూహె చివరికి ఆ దేశం చేతికే వెళ్లింది.

ఆ తొలి ఆలోచనకు మిగిలిన గట్టి నిదర్శనం నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ కేంద్రం. 1972 నుంచి పనిచేస్తున్న ఈ కేంద్రం బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్, వాయవ్య జర్మనీల మీద 24,500 అడుగులకు పైనున్న గగనతలాన్ని ఒకే గదిలోంచి నడుపుతుంది. అక్కడి సెక్టార్లను, అంటే గగనతలంలోని భాగాలను, దేశాల హద్దుల ప్రకారం కాక విమానాలు నడిచే తీరును బట్టి గీశారు. సైనిక విమానాల పర్యవేక్షణలో కొంత భాగాన్నీ అక్కడే చేర్చారు. అర్ధ శతాబ్దానికి పైగా ఇది సజావుగా నడుస్తోంది కాబట్టి, ఉమ్మడి నియంత్రణ సాంకేతికంగా కుదరదన్న వాదనకు తావు లేదు. అయినా ఇలాంటి రెండో కేంద్రం యూరప్‌లో నిలదొక్కుకోలేదు.

సెక్టార్‌లో ఎన్ని విమానాలు పడతాయి

విశాలమైన ఆకాశంలో రద్దీ ఏమిటన్న సందేహం చాలామందికి వస్తుంది. ఇక్కడ కొరత ఖాళీ చోటుది కాదు, దాన్ని గమనించే మనిషి దృష్టిది. గగనతలాన్ని సెక్టార్లుగా విభజిస్తారు. సాధారణంగా ఒక్కో సెక్టార్‌కు ఇద్దరు కంట్రోలర్లు ఉంటారు. ఒకరు పైలట్లతో మాట్లాడుతుంటే, మరొకరు పక్క సెక్టార్ల నుంచి రాబోయే విమానాలను ముందుగా సర్దుతారు. ఒక గంటలో ఆ జంట భద్రంగా దాటించగల విమానాల సంఖ్యే ఆ సెక్టార్ సామర్థ్యం.

రద్దీ పెరిగితే సెక్టార్‌ను రెండుగా చీలుస్తారు, మరో జంటను కూర్చోబెడతారు. ఈ ఉపాయానికి ఒక హద్దు ఉంది. సెక్టార్ చిన్నదయ్యే కొద్దీ విమానం అందులో ఉండే సమయం తగ్గి, ఒక కంట్రోలర్ నుంచి మరొకరికి అప్పగించే పని పెరుగుతుంది. ఒక దశ దాటాక చీల్చడం వల్ల వచ్చే లాభాన్ని అప్పగింతలే తినేస్తాయి. యూరప్ నడిమధ్య గగనతలం చాలాచోట్ల ఇప్పటికే ఆ దశకు చేరింది.

సిబ్బంది పరిస్థితి దీన్ని మరింత బిగిస్తుంది. కంట్రోలర్ అర్హత ఫలానా కేంద్రానికి, ఫలానా సెక్టార్లకు మాత్రమే చెల్లుతుంది. మాడ్రిడ్‌లో ఖాళీగా ఉన్న కంట్రోలర్‌ను మార్సెయ్‌కు పంపి రేపటి నుంచి పని చేయమనడానికి వీల్లేదు. ఆయా మార్గాలు, అక్కడి సైనిక ప్రాంతాలు, పొరుగు కేంద్రాలతో ఒప్పందాలు అన్నీ మళ్లీ నేర్చుకోవాలి. కొత్తవారిని చేర్చుకున్నా పూర్తిస్థాయి కంట్రోలర్‌గా తయారవడానికి రెండు మూడేళ్లు పడుతుంది, శిక్షణ మధ్యలో తప్పిపోయేవారూ తక్కువేమీ కాదు. కాబట్టి ఈ వేసవి కొరతకు కారణం ఈ ఏడాది నిర్ణయాల్లో దొరకదు. అయిదారేళ్ల క్రితం నియామకాలు ఎందుకు ఆగాయో చూడాలి.

బ్రస్సెల్స్ ఇచ్చే స్లాట్

ఉమ్మడిగా విజయవంతమైన పని రద్దీ సర్దుబాటు. 1980ల చివర ఆలస్యాలు భరించలేని స్థాయికి చేరాక, అప్పటిదాకా దేశాలు విడివిడిగా చేస్తున్న ఈ పనిని బ్రస్సెల్స్‌లోని యూరోకంట్రోల్ కేంద్రానికి అప్పగించారు. 2011లో యూరోపియన్ యూనియన్ కార్యనిర్వాహక వ్యవస్థ అయిన యూరోపియన్ కమిషన్ యూరోకంట్రోల్‌ను నెట్‌వర్క్ మేనేజర్‌గా నియమించింది. యూరప్‌లో ఎగరబోయే వాణిజ్య విమానాల ఫ్లైట్ ప్లాన్లన్నీ, అంటే ఏ దారిలో ఎప్పుడు వెళ్తాయో చెప్పే పత్రాలన్నీ, అక్కడికి చేరతాయి. ఏ సెక్టార్‌లోకి ఏ నిమిషంలో ఎన్ని విమానాలు వస్తాయో లెక్కగట్టి, సామర్థ్యం మించేలా ఉంటే కొన్నింటికి బయలుదేరే సమయాన్ని ఆలస్యం చేస్తారు. అలా ఇచ్చిన కొత్త సమయమే స్లాట్. ఇచ్చిన సమయానికి 5 నిమిషాల ముందు నుంచి 10 నిమిషాల తర్వాత వరకు ఉన్న వ్యవధిలో విమానం గాల్లోకి లేవాలి. గేటు దగ్గర ఆగడానికి కారణం ఇదే. గాల్లో చక్కర్లు కొడుతూ ఇంధనం కాల్చడం కంటే నేలమీద ఆగడం మేలన్నది ఈ పద్ధతి వెనకున్న సూత్రం, అది సరైనదే.

అయితే నెట్‌వర్క్ మేనేజర్ చేతిలో ఉన్నది ఉన్న సామర్థ్యాన్ని పంచే అధికారమే. ఫ్రాన్స్‌లోని రీమ్స్ కేంద్రంలో మరో సెక్టార్ తెరవమని, కార్ల్స్‌రూహెలో సెలవులు తగ్గించమని అది ఆదేశించలేదు. గిరాకీని చూసేది ఒకరు, సరఫరాను నిర్ణయించేది ముప్పైకి పైగా వేర్వేరు సంస్థలు. యూరప్ ఆలస్యాలకు సంబంధించిన వాదనల్లో సగం ఈ ఒక్క విషయం దగ్గరే తెగిపోతాయి.

రుసుము ఏ దారిలో పోతుంది

గగనతల సేవకు విమాన సంస్థలు రుసుము కడతాయి. దేశంలో ప్రయాణించిన దూరాన్ని వందతో భాగించి, విమాన గరిష్ఠ బరువును 50 టన్నులతో భాగించగా వచ్చినదాని వర్గమూలంతో గుణించి, ఆ దేశం నిర్ణయించిన యూనిట్ రేటుతో (ఒక్కో యూనిట్ సేవకు ధరతో) మళ్లీ గుణిస్తారు. ఉదాహరణకు 72 టన్నుల విమానానికి బరువు గుణకం 1.2. యూనిట్ రేటు 60 యూరోలు ఉన్న దేశం మీదుగా 500 కిలోమీటర్లు పోతే 360 యూరోలు. రేటు 40 ఉన్న పక్కదేశం మీదుగా అంతే దూరం పోతే 240. ఈ 120 యూరోల తేడాతో, ఇంధన ధరను బట్టి, కొన్ని పదుల కిలోమీటర్లు చుట్టు తిరిగి వెళ్లినా నష్టం లేదని కంప్యూటర్ లెక్క తేల్చవచ్చు. అప్పుడు దగ్గర దారి ఖాళీగా ఉండి, చవక దారి కిక్కిరుస్తుంది. కర్బన ఉద్గారాలూ పెరుగుతాయి. సగటు విమానం అవసరమైన దానికంటే 42 కిలోమీటర్లు ఎక్కువ దూరం ఎగురుతోందని, ముక్కలైన గగనతలం వల్ల ఏటా సుమారు 500 కోట్ల యూరోల భారం పడుతోందని కమిషన్ 2013లో చెప్పింది. ఇందులో అంతా హద్దుల వల్ల కాదు. విమానాల మధ్య ఎడం పాటించడానికి, తుపాను మేఘాలను, సైనిక ప్రాంతాలను తప్పించడానికి కొంత చుట్టు ఎలాగూ తప్పదు.

ఈ ఆదాయమే ఆయా దేశాల నియంత్రణ సంస్థలకు ఆధారం. సెక్టార్‌ను పొరుగు దేశానికి అప్పగిస్తే రుసుము, ఉద్యోగాలు, వాటి పింఛన్ల ప్రశ్న అన్నీ కదులుతాయి. మాస్ట్రిక్ట్ కేంద్రం కింద సెక్టార్ ఒక్కటే అయినా, దాని ఖర్చును నాలుగు దేశాలూ తమ తమ రుసుముల లెక్కల్లోనే కలుపుకుంటాయి. ఆదర్శంగా చూపే చోట కూడా బిల్లు జాతీయ హద్దుల ప్రకారమే తయారవుతోందన్నమాట.

2012కు ముందు ఖర్చు ఎంతయితే అంతా విమాన సంస్థల నుంచి రాబట్టుకునే వీలుండేది. రాకపోకలు తగ్గితే రేటు పెరిగేది. పొదుపు చేయాల్సిన ఒత్తిడి ఎవరికీ లేదు. దాన్ని సరిదిద్దడానికి తెచ్చిన పనితీరు పథకం ఖర్చులకు ముందుగానే పరిమితి పెట్టింది, భద్రత, సామర్థ్యం, పర్యావరణం, వ్యయం అనే నాలుగు కొలమానాలు నిర్ణయించింది. ఇది అవసరమైన మార్పే, కానీ దాని దుష్ఫలితం తర్వాత తెలిసింది. ఆర్థిక మాంద్యం తర్వాతి సంవత్సరాల్లో రాకపోకల అంచనాలు తక్కువగా ఉండటంతో, ఖర్చు లక్ష్యాన్ని అందుకోవడానికి పలు సంస్థలు నియామకాలు తగ్గించాయి. అంచనాలను మించి విమానాలు పెరిగిన 2018, 2019 వేసవుల్లో కంట్రోలర్లు చాలలేదు. కోవిడ్ కాలంలో శిక్షణ మళ్లీ నెమ్మదించింది, ఆదాయం కూలింది. ఆ లోటును అయిదు నుంచి ఏడేళ్లలో రాబట్టుకోవడానికి అనుమతించారు. అంటే ఇప్పటి రుసుముల్లో ఎగరని విమానాల ఖర్చు కూడా కొంత ఉంది.

ఊబర్లింగెన్ చెప్పినది

2002 జులై 1 రాత్రి జర్మనీలోని ఊబర్లింగెన్ పట్టణం మీద ఒక రష్యన్ ప్రయాణికుల విమానం, ఒక సరకు రవాణా విమానం ఢీకొని 71 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది పిల్లలు. ప్రమాదం జరిగింది జర్మనీ గగనతలంలో, దాన్ని నియంత్రిస్తున్నది స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ కేంద్రం. అక్కడ ఆ సమయానికి పనిచేస్తున్నది ఒకే కంట్రోలర్. మరమ్మతుల కోసం హెచ్చరిక వ్యవస్థలో ఒక భాగాన్ని, ప్రధాన టెలిఫోన్ లైన్లను ఆపి ఉంచారు. కార్ల్స్‌రూహె కంట్రోలర్లు తమ తెర మీద ప్రమాద హెచ్చరికను చూశారు, జ్యూరిక్‌కు ఫోన్ చేశారు, లైను కలవలేదు. ముప్పు పొరుగు కేంద్రానికి కనబడింది, దాన్ని తప్పించే అధికారమూ మార్గమూ ఆ కేంద్రానికి లేవు. గగనతలం ముక్కలుగా ఉండటం ఖర్చుకు సంబంధించిన విషయం మాత్రమే అనుకునేవారు ఈ కొన్ని నిమిషాలను గుర్తుంచుకోవాలి.

ఈ ప్రమాదం మీద 2006లో జర్మనీలోని కోన్‌స్టాంజ్ కోర్టు ఇచ్చిన తీర్పు ఏకీకరణ చర్చకు మరో కోణం చేర్చింది. గగనతలాన్ని అప్పగించడానికి రెండు దేశాల మధ్య చెల్లుబాటయ్యే ఒప్పందం లేదు కాబట్టి బాధ్యత జర్మనీదేనని కోర్టు చెప్పింది. సేవను మరొకరికి అప్పగించినా బాధ్యత సొంత దేశాన్ని వదలదని తేలాక, అప్పగించడానికి ఏ ప్రభుత్వం తొందరపడుతుంది? సార్వభౌమాధికారం పేరుతో కనిపించే సంకోచంలో కొంత భాగం ఇలాంటి చట్టపరమైన భయం. దాన్ని మొండితనమని కొట్టిపారేయడం న్యాయం కాదు.

2004 నుంచి 2024 దాకా

కొసావో యుద్ధం నడిచిన 1999లో ఆలస్యాలు తీవ్రం కావడంతో, ఆ ఏడాది చివర కమిషన్ ఏకీకృత గగనతల ప్రతిపాదన ముందుకు తెచ్చింది. 2004లో తొలి చట్టాలు వచ్చాయి. నియంత్రణ సేవ అందించే సంస్థను, దాన్ని పర్యవేక్షించే అధికార వ్యవస్థను వేరు చేయడం వాటిలో ముఖ్యమైనది. సామర్థ్యాన్ని మూడింతలు, భద్రతను పదింతలు చేసి, ఒక్కో విమానానికి పర్యావరణ ప్రభావాన్ని పది శాతం, నియంత్రణ ఖర్చును సగం తగ్గించాలని లక్ష్యాలు ప్రకటించారు.

2009లో రెండో విడత చట్టాలు వచ్చాయి. దేశాలు గుంపులుగా కలిసి ‘ఫంక్షనల్ ఎయిర్‌స్పేస్ బ్లాకు’లు ఏర్పాటు చేసుకోవాలని, 2012 డిసెంబరు 4 నాటికి అవి పని మొదలుపెట్టాలని నిర్దేశించారు. మధ్యలో 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బద్దలై సుమారు లక్ష విమానాలు రద్దయినప్పుడు, బూడిద మేఘం ఒక్కటే అయినా గగనతలం మూయాలా తెరవాలా అని ఒక్కో దేశం ఒక్కోలా నిర్ణయించడం అందరికీ కనబడింది. దాంతో సంస్కరణకు ఊపు వచ్చింది. మొత్తం తొమ్మిది బ్లాకులు ఏర్పడ్డాయి. ఫ్రాన్స్, జర్మనీ, స్విట్జర్లాండ్, బెనెలక్స్ (బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్) దేశాల బ్లాకు ఒక్కటే యూరప్ విమానాల్లో సగానికి పైగా చూస్తుంది. అయితే కేంద్రాల విలీనం జరగలేదు, ఒకే రేటు రాలేదు. సమావేశాలు, కమిటీలు పెరిగాయి. కమిషన్ 2014లో కొన్ని దేశాలకు నోటీసులు ఇచ్చింది. పని పద్ధతుల్లో మార్పు వచ్చింది గానీ ఆకాశం ఒక్కటి కాలేదని 2017లో యూరోపియన్ ఆడిటర్ల సంస్థ తేల్చింది.

2013లో ప్రతిపాదించిన మూడో విడతకు మొదటే ఫ్రెంచ్ కంట్రోలర్ల సమ్మె ఎదురైంది. తర్వాత, బ్రిటన్ పాలనలో ఉన్నా స్పెయిన్ తనదనే జిబ్రాల్టర్ విమానాశ్రయానికి ఆ చట్టం వర్తించాలా వద్దా అన్న స్పెయిన్, బ్రిటన్ తగాదా దాన్ని ఏళ్ల తరబడి ఆపింది. ఒక చిన్న విమానాశ్రయం మొత్తం ఖండపు చట్టాన్ని నిలిపేయగలిగిందంటే, సంస్కరణను నెత్తిన పెట్టుకునే ప్రభుత్వం ఒక్కటీ లేకపోవడమే కారణం. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి వైదొలిగాక 2020లో సవరించిన ముసాయిదా వచ్చింది, 2024 డిసెంబరు 1న చట్టం అమల్లోకి వచ్చింది. పనితీరును సమీక్షించే శాశ్వత మండలి, డేటా సేవల కొనుగోలుకు వెసులుబాటు, పర్యావరణాన్ని లెక్కలోకి తీసుకునే రుసుములు ఇందులో ఉన్నాయి. బ్లాకులను తప్పనిసరి చేసే నిబంధనను మాత్రం వదిలేశారు. కమిషన్ మొదట కోరిన కేంద్రీకృత అధికారంలో చాలా భాగం చర్చల్లో కరిగిపోయింది.

సాంకేతికత ఎంతవరకు తీసుకెళ్లగలదు

2007లో ఏర్పడిన సెసార్ ఉమ్మడి సంస్థ గగనతల నియంత్రణ సాంకేతికతను ఆధునికీకరించే బాధ్యత తీసుకుంది. కనబడే ఫలితం ‘ఫ్రీ రూట్’ పద్ధతి. స్థిరమైన మార్గాల బదులు ప్రవేశ, నిష్క్రమణ బిందువుల మధ్య నేరుగా ఎగరనివ్వడమే ఇది. పోర్చుగల్ 2009లో తన ఎత్తైన గగనతలంలో దీన్ని ప్రారంభించింది. ఇప్పుడు యూరప్‌లో అధిక భాగానికి విస్తరించి, హద్దులు దాటి కూడా నడుస్తోంది. స్వీడన్‌లోని ఓర్న్‌షోల్డ్స్‌విక్ విమానాశ్రయ టవర్‌ను 2015 నుంచి కెమెరాల సాయంతో సుండ్స్‌వాల్ నగరం నుంచే నడుపుతున్నారు.

అన్నీ ఇంత సాఫీగా సాగలేదు. పైలట్‌కు, కంట్రోలర్‌కు మధ్య మాట బదులు సందేశాలు పంపుకునే డేటాలింక్‌ను 2015కల్లా తప్పనిసరి చేయాలనుకున్నారు. సంబంధం మధ్యలో తెగిపోతుండటం వంటి లోపాల వల్ల గడువు 2020కి జరిగింది. కంట్రోల్ కేంద్రాల కంప్యూటర్ వ్యవస్థలు కూడా గుంపులుగా చీలి ఉన్నాయి: ఆస్ట్రియా, స్వీడన్, ఐర్లాండ్ వంటివి ఒక కూటమి, స్పెయిన్, జర్మనీ, బ్రిటన్ మరో కూటమి, ఫ్రాన్స్, ఇటలీ ఇంకొకటి. మార్పిడి సమయంలో సామర్థ్యం తగ్గించుకోక తప్పదు కాబట్టి, ప్రతి కొత్త వ్యవస్థ కొన్ని నెలల ఆలస్యాలను వెంట తెస్తుంది.

ఉమ్మడి డేటాలోనూ జాగ్రత్త కావాలని 2023 ఆగస్టు 28న బ్రిటన్‌లో జరిగిన స్తంభన చూపింది. లాస్ ఏంజిలెస్ నుంచి పారిస్ వెళ్లే విమానం ఫ్లైట్ ప్లాన్‌లో ఒకే సంకేతంతో రెండు మార్గ బిందువులు ఉన్నాయి. ఒకటి ఫ్రాన్స్‌లోని డోవిల్ దగ్గరిది, మరొకటి అమెరికాలోని డెవిల్స్ లేక్‌ది. ఆ అయోమయంలో ప్రధాన వ్యవస్థ ఆగింది, ప్రత్యామ్నాయ వ్యవస్థ కూడా అదే లెక్క వేసి ఆగింది. ఏడు లక్షల మందికి పైగా ప్రయాణికులు దెబ్బతిన్నారు.

అమెరికాతో పోలిక ఎక్కడ సరిపోతుంది

యూరప్‌తో పోల్చదగ్గ విస్తీర్ణంలో, అంతకంటే ఎక్కువ విమానాలను, తక్కువ కంట్రోలర్లతో అమెరికా నడుపుతోందని సంస్కరణవాదులు చూపుతారు. అక్కడ ప్రభుత్వ విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఒక్కటే ఈ పని చూస్తుంది. ప్రధాన భూభాగం మీద మార్గమధ్య నియంత్రణకు ఇరవై కేంద్రాలు చాలుతున్నాయి, యూరప్‌లో వాటి సంఖ్య అరవై దాకా ఉంది. కేంద్రాల సంఖ్య విషయంలో ఈ పోలిక బలమైనదే. కానీ ఎఫ్ఏఏ బడ్జెట్ కాంగ్రెస్ ఆమోదం మీద ఆధారపడుతుంది, అక్కడా సిబ్బంది కొరత ఉంది. 2025 ఏప్రిల్‌లో నెవార్క్ విమానాశ్రయానికి వచ్చే విమానాలను చూసే కంట్రోలర్లకు కొద్దిసేపు రాడార్, రేడియో రెండూ పోయాయి. ఒకే సంస్థ ఉంటే పాత యంత్రాల సమస్య తనంతట తాను పోదని దీనివల్ల తెలుస్తోంది. భారతదేశంలోనూ విమానాశ్రయాల ప్రాధికార సంస్థ (ఏఏఐ) ఒక్కటే నియంత్రణ సేవ అందిస్తున్నా, గగనతలం ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై ప్రాంతాలుగా విడిపోయి ఉంది. వాటిని నాగపూర్ కేంద్రంగా కలపాలన్న ‘ఇషాన్’ ప్రతిపాదన ఇంకా ప్రణాళిక దశ దాటాల్సి ఉంది. హద్దుల తగాదా లేకపోవడం మనకున్న పెద్ద వెసులుబాటు.

రానున్న కాలంలో

ఉక్రెయిన్ గగనతలం మూతపడటం, రష్యా మీదుగా యూరప్ విమానాలు వెళ్లలేకపోవడం వల్ల 2022 నుంచి ఆగ్నేయ మార్గాల మీద భారం పెరిగింది. సైనిక విన్యాసాలకు కేటాయించే గగనతలమూ పెరుగుతోంది. ఈ పరిస్థితిలో ప్రభుత్వాలు కంట్రోల్ కేంద్రాలను పొరుగువారికి అప్పగించే అవకాశం మునుపటి కంటే తక్కువ. కేంద్రాలు ఎక్కడివక్కడే ఉండి, వాటి కింద నడిచే డేటా ఉమ్మడి కావడం సాధ్యమైన దారిగా కనిపిస్తోంది. రాడార్ సమాచారం, ఫ్లైట్ ప్లాన్ లెక్కలు ఒకే ప్రమాణంలో అందుబాటులో ఉంటే, ఒక కేంద్రంలో సిబ్బంది చాలని రాత్రి దాని సెక్టార్‌ను మరో కేంద్రం చూసుకోవచ్చు. స్విట్జర్లాండ్ జెనీవా, జ్యూరిక్ కేంద్రాల మధ్య ఇదే పద్ధతి కోసం ఏళ్లుగా కృషి చేస్తోంది. దేశం హద్దు దాటి అలా చేయాలంటే రెండు కేంద్రాల్లోనూ చెల్లే కంట్రోలర్ లైసెన్సు, ఆ రాత్రి రుసుము ఎవరికి చెందుతుందో చెప్పే ఒప్పందం, ప్రమాదం జరిగితే ఏ కోర్టు విచారించాలో తేల్చే చట్టం కావాలి. 2025–2029 పనితీరు కాలానికి దేశాలు రాసిన ప్రణాళికల్లో ఖర్చుల పట్టికలు, నియామకాల లెక్కలు వివరంగానే ఉంటాయి. ఈ మూడింటి గురించి ఎంత రాశారో చూస్తే, వచ్చే అయిదేళ్లలో ఏకీకరణ ఎంత దూరం వెళుతుందో అంచనా వేయవచ్చు.